పడవలో మా అమ్మాయి, రోడ్డు మీద నేను, చెరో 12 పేజీల రిపోర్టు

క్రీడాకారుల వ్యక్తిత్వ పరీక్ష అని ఒక సర్వీసు ఉంది. ఆన్‌లైన్‌లో 60 ప్రశ్నలు, 12 పేజీల రిపోర్టు, ఆ తర్వాత సైకాలజిస్టుతో నలభై నిమిషాల ఫోన్ కాల్. మనిషికి 2,400 రూపాయలు. నేనూ మా అమ్మాయీ ఇద్దరం చేయించుకున్నాం. సంస్థ పేరు రాయడం లేదు. మాకు ఎదురైన ఇబ్బందులు అందరికీ ఎదురవుతాయని చెప్పలేను. కానీ ఇలాంటిది ఎక్కడ చేయించుకున్నా చూసుకోవలసిన విషయాలు ఒకటే, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మా సంగతి. నాకు 47 ఏళ్లు. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆరేళ్లుగా పరుగెడుతున్నాను, ఇప్పటికి నాలుగు హాఫ్ మారథాన్‌లు, ఒక ఫుల్ పూర్తి చేశాను. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రెండేళ్లుగా హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ నేర్చుకుంటోంది. ఈ సీజన్ మొదట్లో వాళ్ల కోచ్ సర్ ఒక మాట అడిగారు. "పాపను సింగిల్‌లో దింపుదామా, క్వాడ్‌లో కూర్చోబెడదామా? ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అని.

రోయింగ్ చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. సింగిల్ అంటే ఒక్కరే కూర్చుని రెండు తెడ్లూ తామే వేసే పడవ. మనిషి పట్టేంత వెడల్పే ఉంటుంది, రూలు ప్రకారం కనీస బరువు 14 కిలోలు. తెడ్డు ఒక్కసారి తప్పుగా పడిందా, మనిషి నీళ్లలో ఉంటుంది. క్వాడ్‌లో నలుగురు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. దూరం రెండింటికీ అదే, పెద్దవాళ్ల పోటీల్లో 2,000 మీటర్లు. క్వాడ్ ఆరు నిమిషాల్లో పోతే సింగిల్‌కు ఏడు పైనే పడుతుంది. ఆ ఆరేడు నిమిషాలూ గుండె, ఊపిరితిత్తులు దాదాపు చివరి హద్దు దగ్గరే పనిచేస్తాయి. బయటినుంచి చూస్తే చేతుల ఆటలా ఉంటుంది కానీ, కూర్చునే సీటు ముందుకూ వెనక్కూ జారుతుంది, దాన్నే స్లైడ్ అంటారు. అసలు బలమంతా కాళ్లది, దమ్ముది.

మా అమ్మాయి మాటలు తక్కువ. చుట్టాలొస్తే మంచినీళ్లిచ్చి గదిలోకి వెళ్లిపోతుంది. అలాంటి పిల్ల నలుగురిలో ఎలా ఇముడుతుందా అని నాకు టెన్షన్. వాళ్లమ్మేమో "దానికి ఒంటరిగా ఉండటం అలవాటు చెయ్యొద్దండీ, ఇప్పటికే మాట్లాడదు" అంటుంది. ఆ సమయంలో ఈ పరీక్ష గురించి తెలిసింది. మీ స్వభావానికి ఒంటరి ఆట నప్పుతుందా, టీమ్ ఆట నప్పుతుందా, తేల్చి చెబుతాం అని వాళ్ల ప్రకటనలో ఉంది. పనిలో పనిగా నేను కూడా కట్టాను.

ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయన్నారు. ఉన్నాయి కానీ, ఇంగ్లిష్ వాక్యాన్ని ఎత్తి తెలుగు అక్షరాల్లో పోసినట్టున్నాయి. ఒక వాక్యం "నేను పార్టీకి ప్రాణం". దానికి ఒప్పుకుంటారా లేదా అని ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేయాలి. మా అమ్మాయి నా దగ్గరికొచ్చి, "నాన్నా, ఏ పార్టీ? బర్త్‌డే పార్టీయా, ఎలక్షన్ పార్టీయా?" అని అడిగింది. పదిమందిలో ఉన్నప్పుడు నువ్వే సందడి చేస్తావా అని వాళ్ల ఉద్దేశం. ఇంకొకటి "నాకు తరచుగా నీలంగా అనిపిస్తుంది". దిగులును ఇంగ్లిష్‌లో నీలం రంగుతో చెబుతారు, దాన్ని అలాగే దించేశారు. అర్థం కాక తను మధ్యలో ఉన్న మూడు నొక్కేసిందట. నేను కూడా అదే చేశాను. అరవైలో ఇలా తికమక పెట్టినవి నాకు ఎనిమిది తగిలాయి. ప్రశ్నే అర్థం కానప్పుడు దాని మీద వచ్చిన మార్కుకు విలువేముంటుంది? ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లోనే రాయడం మేలు. పిల్లలకు చేయిస్తుంటే పక్కన కూర్చుని మాట అర్థం చెప్పండి, జవాబు మాత్రం చెప్పకండి.

మూడు రోజుల్లో వస్తుందన్న రిపోర్టు తొమ్మిది రోజులకు వచ్చింది. రెండు సార్లు ఫోన్ చేస్తే గానీ కదల్లేదు.

ఈ పరీక్ష మనిషిని అయిదు గుణాల మీద కొలుస్తుంది. నలుగురిలో కలిసే గుణం, క్రమశిక్షణ, సర్దుకుపోయే గుణం, ఆందోళన, కొత్తదనం మీద ఆసక్తి. ఈ అయిదింటి పద్ధతి వాళ్లు కనిపెట్టింది కాదు, మనస్తత్వ శాస్త్రంలో ఎన్నో దశాబ్దాలుగా ఉన్నదే. అక్కడిదాకా తప్పుపట్టడానికేమీ లేదు. మా అమ్మాయికి క్రమశిక్షణ 91, ఆందోళన 78, నలుగురిలో కలిసే గుణం 14. అంటే నూరుమందిని నిలబెడితే కలుపుగోలుతనంలో తన కంటే వెనక ఉండేవాళ్లు 14 మందే అన్నమాట. కింద ఎర్ర అక్షరాల్లో "ఒంటరి క్రీడలకు అత్యంత అనుకూలం, బృంద క్రీడలు సిఫారసు చేయడం లేదు" అని వేశారు.

ఆ ఎర్ర వాక్యం చూసి పిల్ల ముఖం వాడిపోయింది. అప్పటికే క్వాడ్‌లో కూర్చోవాలని దానికి ఉందని నాకు ఆ పూటే తెలిసింది. "నేను పనికిరానని రాశారు నాన్నా" అంది. ఈ సర్వీసు మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. పదహారేళ్ల పిల్ల చేతికి నేరుగా వెళ్లే కాగితంలో అలా రాయకూడదు.

ఆ నూరుమంది ఎవరని నేను ఫోన్ చేసి అడిగాను. ఎక్కువగా ఆఫీసు ఉద్యోగులట, పెద్దవాళ్లట. పదహారేళ్ల రోవర్‌ని పెద్దవాళ్ల పక్కన నిలబెట్టి 14 అనడం ఏం లెక్క? ఎవరితో పోల్చారో రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలి. మీరు ఎక్కడ చేయించుకున్నా ఈ ఒక్క ప్రశ్న డబ్బు కట్టకముందే అడగండి.

టీమ్ ఆటలవాళ్లు సగటున కాస్త కలుపుగోలుగా ఉంటారనీ, ఒంటరి ఆటలవాళ్లు క్రమశిక్షణలో కాస్త ముందుంటారనీ పరిశోధనల్లో కనబడిన మాట నిజమే. కానీ అది గుంపుల సగటు. సగటు చూసి ఒక మనిషిని ఫలానా పడవ ఎక్కొద్దు అనడం వేరే సంగతి. పైగా ఆ గుణం ఉండబట్టి ఆ ఆటలోకి వెళ్లారా, ఆ ఆట ఆడీ ఆడీ ఆ గుణం వచ్చిందా అన్నది సగటును బట్టి తేలదు. రెండేళ్ల కింద ఉదయం నాలుగున్నరకు నేను లేపితే గానీ లేవని పిల్ల ఇప్పుడు తనే అలారం పెట్టుకుని లేస్తోంది. 91 వచ్చిన ఆ క్రమశిక్షణలో హుస్సేన్ సాగర్ వాటా ఎంతో ఈ రిపోర్టులో ఎక్కడుంది?

కోచ్ సర్‌కు రిపోర్టు చూపించాను. ఆయన దాన్ని పక్కన పెట్టలేదు, శ్రద్ధగా చదివారు. తర్వాత దత్తు భోకనళ్ సంగతి చెప్పారు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలోని కరువు ఊరివాడు. సైన్యంలో చేరాకే రోయింగ్ నేర్చుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడలకు పాలెంబాంగ్ వెళ్లినప్పుడు ఒంట్లో బాగాలేదు, సింగిల్స్ ఫైనల్లో అందరికంటే చివర వచ్చాడు. మర్నాడు స్వర్ణ్ సింగ్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి అదే మనిషి క్వాడ్ ఎక్కాడు. ఆ నలుగురికీ బంగారు పతకం వచ్చింది, 6 నిమిషాల 17 సెకన్లలో. "ఇరవైనాలుగు గంటల్లో అతని స్వభావం మారిందంటారా?" అని అడిగారు సర్. నేను జవాబు చెప్పలేదు. పిల్ల మాత్రం తలెత్తి చూసింది.

సర్ దాన్ని క్వాడ్‌లో బో సీట్లో, అంటే పడవ ముందు కొసన, కూర్చోబెట్టారు. నలుగురిలో బరువు తక్కువ తనదే కాబట్టి అక్కడన్నారు.

ఆ మొదటి వారంలో ఒక రోజు నైట్ షిఫ్ట్ దిగి అటే వెళ్లాను. ఆరు కావస్తోంది. గాలి లేదు, బుద్ధుడి బొమ్మ నీడ నీళ్లలో కదలకుండా ఉంది. ఒడ్డున గుర్రపుడెక్క, కొంచెం వాసన, దూరంగా ట్యాంక్‌బండ్ మీద బస్సులు. పడవ ఒడ్డుకు యాభై అరవై మీటర్లలోనే తిరుగుతోంది. నీళ్ల మీద మాట ఎంత దూరమైనా వినబడుతుంది.

రోయింగ్‌లో మనుషులు పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. అందరికంటే ముందు నీళ్లను కోసేది బో, అక్కడ కూర్చున్న మనిషికి మిగతా ముగ్గురి వీపులూ కనిపిస్తాయి. వెనక్కి తిరిగి దారి చూసి, చెప్పవలసింది తనే చెప్పాలి. ఆమె ముఖం మాత్రం ఎవరికీ కనబడదు. ఈ సంగతి ఆ రోజు ఒడ్డు మీద నిలబడ్డాకే నాకు తట్టింది.

మూడో సీటు అమ్మాయి తెడ్డు నీళ్లలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. దీన్ని వీళ్లు క్రాబ్ పట్టింది అంటారు. తెడ్డు పిడి వచ్చి పొట్టకు కొట్టింది, పడవ ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. నా గుండె గొంతులోకి వచ్చింది. అప్పుడు ఒక గొంతు వినబడింది. "ఈజీ! అందరూ ఈజీ. తెడ్లు నీళ్ల మీద పరవండి. ఏం కాలేదు, చేతులు వదులు చెయ్యి, ఊపిరి తీసుకో." రెండు క్షణాలు ఆగి, "సగం స్లైడ్‌తో మొదలుపెడదాం. సిద్ధమా? రో!" నాకు ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి టైమ్ పట్టింది. ఇంట్లో అన్నం పెట్టమని కూడా గట్టిగా అడగని పిల్ల. మళ్లీ నాలుగు జతల తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడిన చప్పుడు వచ్చింది. ఫ్లాస్కులో టీ పోసుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

ఇంటికొస్తూ స్కూటర్ మీద అడిగాను, "అంత గట్టిగా అరవడం ఎప్పుడు నేర్చుకున్నావు రా?" అని. "అక్కడ నన్నెవరూ చూడరు కదా నాన్నా. నాకేమో అందరూ కనబడతారు" అంది. 14 అని వేసిన రిపోర్టుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నా రిపోర్టు. నాకు "ఇతరులపై నమ్మకం తక్కువ, గుంపు శిక్షణకు దూరంగా ఉండటం మంచిది" అని వచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. "ఎదుటివాళ్ల మాటను తేలిగ్గా నమ్ముతాను" అన్నదానికి నేను ఒకటి నొక్కాను. మా పనిలో అలాగే ఉండాలి. లైన్ మీద పని ఉంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాం, అంటే కరెంటు ఆపామని రాతపూర్వకంగా ఇచ్చే లైన్ క్లియర్. అది చేతిలో ఉన్నా, ఆపరేటర్ ఎంత తెలిసినవాడైనా, డిశ్చార్జ్ రాడ్ వేసి ఎర్త్ చేయకుండా వైరు మీద చెయ్యి వేయం. ఆ వైపు ఉన్నవాడు కూడా నేను ఎల్‌సీ తిరిగి ఇచ్చేదాకా బ్రేకర్ ముట్టడు. 22 ఏళ్లుగా నా ప్రాణం రోజూ ఎవరో ఒకరి చేతిలో ఉంది, వాళ్ల ప్రాణం నా చేతిలో ఉంది. సరిచూసుకోవడం మాకు అలవాటు. ఆ అలవాటును ప్రశ్నాపత్రం అపనమ్మకం కింద రాసుకుంది.

ఈ మాట కాల్‌లో చెప్పగానే సైకాలజిస్టు మేడమ్ వెంటనే పట్టుకున్నారు. 2,400 రూపాయల్లో రెండు వేలకు ఆ నలభై నిమిషాలే సరిపోతాయని నా అభిప్రాయం. "ఈ జవాబు రాసేటప్పుడు మీ మనసులో ఏ చోటు ఉంది, పని చేసే చోటా, పరుగెత్తే చోటా?" అని ఒక్కో ప్రశ్నకు అడిగారు. ఆ పని ప్రశ్నాపత్రంలోనే చేసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఎర్ర అక్షరాల వాక్యం కంప్యూటర్ తనంతట తను వేసేదనీ, తన మాట కాదనీ ఆవిడే చెప్పారు. మా అమ్మాయితో పది నిమిషాలు విడిగా మాట్లాడారు. బెర్లిన్‌లో 1920లలో కోలర్ అనే ఆయన రోయింగ్ క్లబ్బు వాళ్లతో జతలుగా బరువులెత్తించి చూశాడట. జతలో బలం తక్కువున్నవాడు ఒంటరిగా ఎత్తినప్పటి కంటే ఎక్కువసేపు నిలబడ్డాడట. తన వల్ల జత ఆగిపోకూడదని. ఈ సంగతి మా అమ్మాయికి బాగా పట్టింది. రోయింగ్ మెషిన్ మీద 2,000 మీటర్లకు నలుగురిలో వెనకబడేది తనే మరి. ఆక్స్‌ఫర్డ్ రోవర్ల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనం కూడా చెప్పారు. మెషిన్ మీద ఒంటరిగా లాగినప్పటి కంటే జట్టుగా ఒకే లయలో లాగాక వాళ్లు నొప్పిని ఎక్కువ తట్టుకున్నారట.

నాకు చెప్పింది మాత్రం గుంపు గురించి కాదు, నా బుర్ర గురించి. పరుగెత్తేటప్పుడు ఏం ఆలోచిస్తారని అడిగారు. స్తంభాలు లెక్కపెడతానన్నాను. పని వల్ల వచ్చిన అలవాటు, ఎక్కడ ఇన్సులేటర్ పగిలిందో, ఎక్కడ చెట్టుకొమ్మ వైరుకు తగులుతోందో చూసుకుంటూ పోతాను. దూరం తెలియదు. 1977లో మోర్గన్, పొలాక్ అనే ఇద్దరు పరిశోధకులు మేటి మారథాన్ రన్నర్లను అడిగి చూస్తే, వాళ్లు బయటి ఆలోచనలతో బాధను మరిచిపోవడానికి చూడలేదట. ఊపిరి, కాళ్లు, ఒంటి వేడి, వీటినే కనిపెడుతూ వేగం సర్దుకున్నారట. తేలిక పరుగుల్లో స్తంభాలు లెక్కపెట్టుకోండి, ఎక్కుడు, అంటే ఎత్తు ఎక్కే దారి, వచ్చినప్పుడు మాత్రం ఊపిరి వినండి అన్నారు మేడమ్.

హైదరాబాద్ మారథాన్ పరుగెత్తినవాళ్లకు ఆ ఎక్కుడు అంటే ఏమిటో తెలుసు. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. ఆగస్టు నెల, తెల్లవారుజామునే ఉక్క. పోయినసారి హాఫ్‌లో నేను స్తంభాలు చూసుకుంటూ ఎక్కుళ్లను కూడా అదే వేగంతో కొట్టేసి, 16వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి నడిచాను. ఈసారి మేడమ్ చెప్పినట్టు చేశాను. రెండు అడుగులకు పీల్చి రెండు అడుగులకు వదలడం, అది చెదిరితే వేగం తగ్గించడం. ఇంకొకటి రిపోర్టుకు విరుద్ధంగా చేశాను. జెండా పట్టుకుని ఒకే వేగంతో పరుగెత్తి మిగతావాళ్లను నడిపించే పేసర్ ఉంటాడు కదా, అతని వెనక గుంపును బస్సు అంటారు, ఆ బస్సెక్కాను. పక్కవాడి షూ చప్పుడుకు నా అడుగు కలిసింది. ఒక్కసారి కూడా నడవలేదు. పోయినసారి కంటే 11 నిమిషాలు తక్కువ.

మారథాన్‌ను ఒంటరి ఆటల పట్టికలో వేశారు ఈ రిపోర్టులో. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగె 2019లో వియన్నాలో 42 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేసినప్పుడు, వంతులవారీగా దిగి గాలికి అడ్డంగా పరుగెత్తినవాళ్లు 41 మంది. ముగింపు గీతకు ముందు వాళ్లంతా వెనక్కి తగ్గి అతన్ని ముందుకు పంపారు. దాన్ని ఏ పట్టికలో వేయాలి?

ఆందోళన గురించి రిపోర్టు చెప్పింది మాత్రం మా అమ్మాయి విషయంలో అక్షరాలా నిజం. పోటీ ముందు రోజు అన్నం తినదు. తొమ్మిదో పేజీలో ఇచ్చిన సలహాలు పనికొచ్చాయి. పోటీ ఉదయం ఏ పని తర్వాత ఏ పనో ముందే రాసుకోవాలన్నారు. తెడ్డు బిగించే గేట్లు చూసుకోవడం, కాళ్లు ఆనించే ఫుట్‌ప్లేట్ స్క్రూలు బిగించడం, నీళ్లు తాగడం, కళ్లు మూసుకుని పది ఊపిర్లు. అది సొంత చేతిరాతతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగుకు కట్టుకుంది. రాష్ట్ర సెలక్షన్ రోజు ఉదయం రెండు ఇడ్లీలు తింది, మా ఆవిడ లెక్కపెట్టింది. సింగిల్‌లో కూడా దింపారు, ఆరుగురిలో నాలుగో స్థానం. క్వాడ్ రెండోది వచ్చింది.

అయిదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ కాల్‌కు, తొమ్మిదో పేజీకి. పిల్లలకు చేయిస్తే రిపోర్టు మీ మెయిల్‌కు తెప్పించుకోండి, ఎర్ర అక్షరాలు ముందు మీరు చదవండి. కోచ్‌కు చూపించకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పెద్దవాళ్లయితే ప్రతి ప్రశ్న దగ్గరా ఆట స్థలంలో ఉన్నట్టు ఊహించుకుని జవాబు రాయండి, ఆఫీసులో ఉన్నట్టు కాదు. కాల్ తెలుగులో కావాలంటే బుక్ చేసేటప్పుడే కింద ఖాళీ గడిలో రాయాలి, తర్వాత మార్చరు. తెలుగులో మాట్లాడే మేడమ్ సాయంత్రం ఆరు దాటాకే దొరుకుతారు, మాకు అయిదు రోజుల తర్వాతి టైమ్ ఇచ్చారు.